ఒక్క వచనంతో రోజంతా: వాక్య ధ్యానం ఎలా చేయాలి

మా నాయనమ్మకు చదువు రాదు. నేను బడికి బయలుదేరుతుంటే బైబిలు తెచ్చి చేతిలో పెట్టి, "ఒక్క వచనం చదివి పో నాయనా" అనేది. చదివేవాణ్ణి. మళ్లీ చదవమనేది. మూడోసారి చదివేటప్పుడు ఆమె పెదాలు నాతోపాటు కదిలేవి. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి చేటలో బియ్యం ఏరుకుంటూనో, గేదెకు కుడితి పెడుతూనో అదే వచనం తనలో తాను అనుకుంటూ ఉండేది. పొద్దున చదివినవాణ్ణి నేను, అప్పటికి నాకు గుర్తుండేది కాదు. ఆమెకు ఒక్క మాట కూడా పోయేది కాదు. పైగా మధ్యమధ్యలో తన సొంత మాటలు కలిపేది: "నువ్వే నా కాపరివి తండ్రీ, పెద్దోడికి జ్వరం తగ్గించు, నువ్వే నా కాపరివి."

చాలా ఏళ్ల తర్వాత, మొదటి కీర్తనలో "దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు" అన్నచోట హీబ్రూలో ఏ మాట ఉందో తెలుసుకున్నాను. 'హాగా' అనే మాట. తనలో తాను గొణుక్కోవడం, మెల్లగా పైకి పలకడం అని దానికి అర్థం. యెహోషువ 1:8లోనూ అదే మాట. యెషయా 31:4లో వేట దొరికిన సింహం దాని మీద గుర్రుమనే చప్పుడుకీ, 38:14లో గువ్వ మూలుగుకీ అదే మాట వాడారు. నాయనమ్మ బియ్యం ఏరుతూ చేసినది అచ్చంగా 'హాగా'యే!

రోజూ బైబిలు చదువుతున్నా పుస్తకం మూయగానే ఏం చదివారో గుర్తుండట్లేదని బాధపడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏడాదిలో బైబిలు పూర్తి చేయాలంటే 1189 అధ్యాయాలను రోజుకు మూడు నాలుగు చొప్పున చదవాలి. అది మంచి అలవాటు, మానొద్దు. కానీ ఆవు పొలంలో గబగబా మేస్తుంది, తర్వాత చెట్టు నీడన పడుకుని నెమరు వేస్తుంది. మేసింది పాలయ్యేది ఆ నెమరుతోనే. మనలో చాలామందికి మేత ఉంది, నెమరు లేదు. ఇక్కడ చెప్పేది నెమరు గురించి.

ఇంకొక మాట. ధ్యానం అనగానే చాలామందికి కళ్లు మూసుకుని మనసును ఖాళీ చేసుకోవడం గుర్తొస్తుంది. వాక్య ధ్యానంలో మనసుకు ఒక మాట ఇస్తాం, ఆ మాట పలికినవాడితో మాట్లాడతాం. కాబట్టి "నా మనసు ఖాళీ అవ్వట్లేదు" అని టెన్షన్ పడాల్సిన పని లేదు.

1. ముందు వేళ, చోటు

పదిహేను నిమిషాలు చాలు. తెల్లవారుజామున నాలుగింటికి లేవలేకపోతే మీ భక్తి తక్కువని ఎవరూ అనుకోకూడదు, మీరూ అనుకోవద్దు. ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానించడానికి బయటికి వెళ్లాడని ఆదికాండము 24:63లో ఉంది. 63వ కీర్తన రాసినవాడు మంచం మీద, రాత్రి జాముల్లో ధ్యానించాడు. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు మధ్యాహ్నం నిద్ర లేచాక కుదరొచ్చు. పిల్లలున్న ఇంట్లో అమ్మకు స్కూల్ ఆటో వెళ్లిన తర్వాతే కుదురుతుంది. ఏ వేళైనా సరే, రోజూ ఒకటే వేళ ఉండేలా చూసుకోండి. చోటు కూడా అంతే. అదే కుర్చీ, అదే కిటికీ. కొన్నాళ్లకు ఆ కుర్చీలో కూర్చోగానే మనసు దానంతటదే కుదురుకోవడం మొదలవుతుంది.

ఫోను వేరే గదిలో పెట్టండి. ఫోనులో బైబిలు చదవడం తప్పేమీ కాదు, ప్రయాణంలో నేనూ చదువుతాను. కానీ ధ్యానానికి కూర్చున్నప్పుడు పైనుంచి ఒక్క మెసేజ్ దిగితే చాలు, ఆ పదిహేను నిమిషాలూ పోయినట్టే. అచ్చు బైబిలు, ఒక నోటు పుస్తకం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

2. చిన్న ముక్క తీసుకోండి

కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనం తీసుకునే అలవాటు మన ఇళ్లల్లో ఉంది. అది మానండి. ఒక కీర్తనో, సువార్తలో ఒక సంఘటనో ఎంచుకుని వరుసగా వెళ్లండి. రోజుకు ఒకటి రెండు వచనాలు మించొద్దు. మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది 23వ కీర్తనే. "అది నోటికి వచ్చుగా" అంటారు. నోటికి వచ్చు కాబట్టే దాని దగ్గర ఆగడం మానేశాం.

3. మూడుసార్లు పైకి చదవండి

మీ చెవికి వినపడేంత గొంతుతో, నెమ్మదిగా చదవండి. మొదటిసారి చెవి వింటుంది. రెండోసారి ఏదో ఒక మాట దగ్గర నాలుక ఆగుతుంది. మూడోసారి ఆ మాట దగ్గరే మీరూ ఆగండి.

మన పాత తెలుగు బైబిలు భాష గ్రాంథికం. అర్థం కావట్లేదని కొందరు పక్కన పెట్టేస్తారు. తేలిక భాషలో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకుని చూసుకోండి, మంచిదే. అయితే ధ్యానానికి ఆ పాత మాటలు ఎంత పనికొస్తాయో ఒకసారి చూడండి. "నా ప్రాణమునకు ఆయన సేదదీర్చుచున్నాడు" అని మూడో వచనం. సేదదీరడం అంటే ఎండలో నడిచొచ్చి, అరుగు మీద కూర్చుని, చల్లని మజ్జిగ తాగాక ఒంట్లోకి వచ్చే ఆ ప్రాణం. "బలపరచును" అని చదివితే నేను దాటిపోయేవాణ్ణేమో. "సేదదీర్చు" దగ్గర ఒక వారం ఆగాను.

ఐదో వచనంలో "నూనెతో నా తల అంటియున్నావు" అని ఉంది. పండగ రోజు పొద్దున్నే అమ్మ పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, గోరువెచ్చని నూనె మాడు మీద పోసి అంటడం గుర్తుందా? అది మన తలంటు. పాలస్తీనా విందులో అతిథి తలకు నూనె రాయడం గౌరవం. మన ఇంట్లో తలంటు మురిపెం. రెండూ ఆ మాటలో ఉన్నాయి. శత్రువులు చూస్తుండగా, ఏ హడావుడీ లేకుండా, దేవుడు ఒక మనిషికి భోజనం పెట్టి తల అంటుతున్నాడు. ఈ ఒక్క బొమ్మ కళ్ల ముందు నిలిస్తే ఆఫీసులో మీ గురించి చెడుగా చెప్పేవాళ్ల మధ్యకు మీరు వేరే మనసుతో వెళ్తారు.

4. నెమరు వేయండి

అసలు పని ఇదే. తేలికైన పద్ధతి ఒకటి చెబుతాను: వచనాన్ని మాట మాట మీద ఒత్తి పలుకుతూ మళ్లీ మళ్లీ అనండి.

'యెహోవా' నా కాపరి. నా జీతం కాదు, మా అన్నయ్య కాదు, నా తెలివి కాదు. నేను నిజంగా ఎవరి మీద ఆనుకుని ఉన్నాను?

యెహోవా 'నా' కాపరి. లోకానికంతటికీ కాపరే, మా సంఘానికీ కాపరే. కానీ ఈ పొద్దున, ఈ కుర్చీలో కూర్చున్న నాకు?

యెహోవా నా 'కాపరి'. ఇక్కడ కాసేపు ఉండండి. తెలంగాణ పల్లెల్లోనో, రాయలసీమ దారుల్లోనో గొర్రెల మందను తోలుకెళ్లే కాపరిని మీరు చూసే ఉంటారు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. నడవలేని పిల్లను చంకలో పెట్టుకుంటాడు. లారీ హారన్ కొడితే గొర్రెల కంటే ముందు తాను రోడ్డుకు అడ్డంగా నిలబడతాడు. రాత్రి ఎవరి పొలంలోనో మందను ఆపి, అక్కడే, వాటి మధ్యే పడుకుంటాడు. ఆయన ఒంటికి గొర్రెల వాసన ఉంటుంది. దావీదు దేవుణ్ణి పోల్చింది అలాంటి మనిషితో. "కాపరి" అన్నప్పుడు గోడ మీది క్యాలెండర్ బొమ్మ కాకుండా ఈ మనిషి గుర్తొస్తే, మీ ధ్యానం నేల మీదికి వచ్చినట్టు.

మాటలు దొరకకపోతే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో దేవుడు ఎలాంటివాడు? ఇందులో మనిషి ఎలా ఉన్నాడు? నేను పట్టుకోవాల్సిన మాట ఉందా? నేను చేయాల్సిన పని ఉందా? నాలుగింటికీ జవాబు రావాలని లేదు. ఒక్కదానికి వచ్చినా నోటు పుస్తకంలో తేదీ వేసి ఒకటి రెండు వాక్యాలు రాయండి. పేజీలు నింపొద్దు.

5. "ఆయన"ను "నీవు" చేయండి

23వ కీర్తనను చేతిలో పెన్నుతో చదవండి. రెండు, మూడు వచనాల్లో "ఆయన" అని ఉంటుంది: ఆయన పరుండజేస్తున్నాడు, ఆయన సేదదీరుస్తున్నాడు. నాలుగో వచనంలో గాఢాంధకారపు లోయ వస్తుంది. అక్కడ మాట మారిపోతుంది: "నీవు నాకు తోడై యుందువు." పచ్చికలో ఉన్నప్పుడు దేవుని గురించి చెప్పిన మనిషి, చీకట్లోకి రాగానే దేవునితోనే మాట్లాడుతున్నాడు. దీన్ని గమనించిన రోజు నేను చాలాసేపు తల ఎత్తలేదు. అప్పుడు మా ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు.

ధ్యానం ప్రార్థనగా మారేది ఇలాగే. చదివిన వచనంలో "ఆయన" ఉన్నచోట "నీవు" పెట్టి, "మనుష్యుడు" ఉన్నచోట మీ పేరు పెట్టి దేవునికే తిరిగి చెప్పండి. నాయనమ్మ చేసినట్టు మీ ఇంటి సంగతులు అందులో కలపండి. ఫీజు కట్టాల్సిన తేదీ, రావాల్సిన రిపోర్టు, మాట్లాడటం మానేసిన తమ్ముడు. వాక్యం నుంచి పుట్టిన ప్రార్థనకు మాటల కరువు ఉండదు.

ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ 1841లో ఇదే తన దినచర్యలో రాసుకున్నాడు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆయన లేవగానే ప్రార్థనకు కూర్చునేవాడు, చాలాసార్లు మనసు ఎటెటో తిరిగేది. తర్వాత వరుస మార్చాడు. ముందు వాక్యం తెరిచి ధ్యానించడం మొదలుపెడితే, కొద్ది నిమిషాల్లోనే అది దానంతటదే ప్రార్థన అవుతోందని చూశాడు. ముల్లర్‌కు మన గోదావరి జిల్లాలతో చుట్టరికం లాంటిది ఉంది. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలను వెంటబెట్టుకుని వచ్చిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్, ముల్లర్ భార్య మేరీకి సొంత అన్న. ఆ బౌడెన్, బీర్‌ల సేవ నుంచే గోదావరి డెల్టా మిషన్ పుట్టింది. నరసాపురం, పాలకొల్లు వైపు సంఘాలవాళ్లకు ఈ పేర్లు కొత్త కాదు.

6. చివరి రెండు నిమిషాలు ఊరుకోండి

అడగడం అయిపోయాక వెంటనే లేవకండి. మాట్లాడకుండా కూర్చోండి. ఏదో స్వరం వినపడాలని ఎదురుచూడొద్దు. 12వ శతాబ్దంలో ఫ్రాన్సు కొండల్లోని ఒక మఠానికి పెద్దగా ఉన్న రెండో గీగో ఈ మెట్లను తిండితో పోల్చాడు: చదవడం ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానం నమలడం, ప్రార్థన రుచి తెలియడం, చివరి మౌనం ఆ తీపి. తీపి ప్రతిరోజూ తెలియదు. తెలియని రోజు కూడా అన్నం ఒంటబడుతుంది.

7. లేచాక పోగొట్టుకోకండి

పదిహేను నిమిషాలు విత్తనం నాటడమే. మిగతా పని పగలంతా జరుగుతుంది. లేచే ముందు వచనంలోంచి మూడు నాలుగు మాటల ముక్క ఒకటి తీసుకోండి. "నాకు లేమి కలుగదు." "నీవు నాకు తోడై యుందువు." కీర్తన పాడేటప్పుడు ప్రతి చరణం తర్వాతా పల్లవికి తిరిగొస్తాం కదా, అలా ఆ ముక్క మీ రోజుకు పల్లవి. తిరిగి రావడానికి గుర్తులు పెట్టుకోండి: గిన్నెలు తోముతున్నప్పుడు, బస్సు కోసం నిలబడినప్పుడు, లిఫ్టులో, సిగ్నల్ దగ్గర, ఫోను తీయబోయే ప్రతిసారీ ముందు ఒకసారి. కొత్త సమయం వెతకాల్సిన పని లేదు, ఖాళీగా పోయే క్షణాలే ఇవి.

రాత్రి దీపం ఆర్పాక ఆ ముక్కను ఇంకొకసారి అనుకుని, ఈ రోజు ఎక్కడ నిజమైందో, ఎక్కడ మరిచిపోయి కేకలేశారో దేవునికి చెప్పి పడుకోండి. లూకా 2:19లో మరియ "ఆ మాటలన్నియు తన హృదయములో తలపోసికొనుచు భద్రము చేసికొనెను" అని ఉంది. తలపోసుకోవడం. ఈ మాట నాకు ధ్యానం కంటే కూడా దగ్గరగా అనిపిస్తుంది.

సువార్త కథ అయితే

కీర్తనలో మాట పట్టుకుంటాం. కథలో అయితే లోపలికి వెళ్లి నిలబడాలి. మార్కు 10:46–52 తీసుకోండి. యెరికో బయట దారి, దుమ్ము, జనం తొక్కిడి. బర్తిమయి అరుస్తున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోమని గద్దిస్తున్నారు. మీరు ఎక్కడున్నారు? అరిచేవాడి పక్కనా, నోరు మూయమనేవాళ్లలోనా? యేసు ఆగాడు. పిలిచారని తెలియగానే అతను పైబట్ట పారేసి లేచాడు. బిచ్చగాడికి ఆ బట్ట ఎంత విలువైనదో ఆలోచించండి. ఇక యేసు అడిగిన ప్రశ్న మీ ముఖం చూసి అడిగినట్టు వినండి: నేను నీకేమి చేయాలని కోరుతున్నావు? జవాబు తొందరగా చెప్పొద్దు. నిజమైన జవాబు పైకి రావడానికి కొన్నిసార్లు రెండు మూడు రోజులు పడుతుంది.

ఊహించేటప్పుడు ఒక హద్దు. వాసన, ఎండ, జనం ఊహించండి. యేసు పలకని మాటలు మాత్రం ఆయన నోట పెట్టకండి.

వాగ్దాన వచనాల విషయంలో జాగ్రత్త

జనవరి 1న చర్చిలో వాగ్దాన కార్డు తీసుకుంటాం, ఏడాదంతా బీరువాకు అంటించుకుంటాం. యిర్మియా 29:11 వచ్చినవాళ్లు మరీ సంతోషిస్తారు: "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." ధ్యానానికి కూర్చున్నప్పుడు ఆ ఒక్క వచనంతో ఆగొద్దు, అధ్యాయం మొదటి నుంచి చదవండి. అది బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరం. పై వచనంలోనే డెబ్భై ఏళ్లు అని ఉంది. ఈలోగా అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని దేవుడు చెబుతున్నాడు. వీసా ఇంటర్వ్యూ రేపు గట్టెక్కుతుందనే మాటగా దీన్ని వాడుకుంటే, అది రానప్పుడు విశ్వాసమే కూలిపోతుంది. అదే పరాయి ఊళ్లో, పరాయి దేశంలో బతుకుతున్న తెలుగు కుటుంబం మొత్తం ఉత్తరాన్ని నెమరు వేస్తే, ఆశతోపాటు ఆ ఊరి కోసం చేయాల్సిన పని కూడా దొరుకుతుంది.

మీ ధ్యానంలో వింత అర్థం ఏదైనా తట్టితే, ముఖ్యంగా అది ఉద్యోగం, పెళ్లి, డబ్బు లాంటి నిర్ణయం వైపు లాగుతుంటే, వాక్యం బాగా తెలిసిన పెద్దవాళ్లతో చెప్పి సరిచూసుకోండి.

కుదరని రోజులు

మనసు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ వచనాన్ని పైకి పలికి వెనక్కి తెచ్చుకోండి, అంతే. పదిహేను నిమిషాల్లో ఇరవైసార్లు తెచ్చుకున్నా అది ధ్యానమే. మర్చిపోయిన పని ఒకటి గుర్తొచ్చి వేధిస్తుంటే నోటు పుస్తకం చివరి పేజీలో రాసి వదిలేయండి. నిద్ర వస్తే లేచి నడుస్తూ పలకండి. రెండు రోజులు తప్పిపోతే మూడో రోజు పాతవి కలిపి చేయొద్దు, ఆ రోజు వచనం దగ్గరే మొదలుపెట్టండి. అరణ్యంలో దేవుడు తినడానికిచ్చిన మన్నాను కూడా ఇశ్రాయేలీయులు ఏ రోజుది ఆ రోజే ఏరుకున్నారు.

ఎండిపోయిన రోజులుంటాయి. అప్పుడు 42, 43 కీర్తనలు తీయండి. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అని ఆ రెండు కీర్తనల్లో మూడుసార్లు వస్తుంది. ఒక్కసారి అడిగితే తీరే ప్రశ్న కాదని బైబిలే ఒప్పుకుంది. అయితే ఆ క్రుంగుబాటు వారాల తరబడి వదలకపోతే, నిద్ర, తిండి పోతే, డాక్టరును కలవండి. కలవడం అవిశ్వాసం కాదు. మందూ వేసుకోవచ్చు, కీర్తనా చదువుకోవచ్చు.

మొదటి వారం

23వ కీర్తనలో ఆరు వచనాలున్నాయి. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొకటి. నాలుగో వచనం వచ్చే గురువారం కాస్త ఎక్కువ సమయం ఉంచుకోండి. ఆదివారం ఆరాధన అయ్యాక, వారమంతా మీతో తిరిగిన ఒక్క మాటను ఇంట్లో ఎవరికైనా చెప్పండి. చదువు రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ప్రతి పొద్దునా మూడుసార్లు వాళ్ల పక్కన కూర్చుని చదవండి. సాయంత్రం వచ్చి, ఆ వచనం ఏమైందని వాళ్లనే అడగండి.

రెండో వారానికి 121వ కీర్తన. దానికి ఎనిమిది వచనాలు, అందులో "కాపాడు" అనే మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెడుతూ వెళ్లండి.